నాగరత్న మేడం నల్ల నీళ్లు

పార్శిలు పెట్టె విప్పగానే తడి బూడిద వాసన ముక్కుకు తగిలింది. మామూలు పొయ్యి బూడిద కాదు, వడ్ల మిల్లులో ఊకను కాల్చిన బూడిద. నీళ్లు తగిలి ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు దానికొక వాసన ఉంటుంది. కొంత పొగ, కొంత బురద, కొంత పాత గోనెసంచి. రాయచూరులో నేను పనిచేసే నేల, నీటి పరీక్షల ప్రయోగశాలలో ఏటా ఎండాకాలం సెలవుల్లో ఇద్దరు ముగ్గురు హైస్కూలు పిల్లల్ని ఇంటర్న్‌షిప్‌కు తీసుకుంటాం. ఎవరిని తీసుకోవాలో చూసే పని నాది. ఈసారి మట్మారి వైపు బడి నుంచి ఒక పిల్ల ఏకంగా తన ప్రాజెక్టునే పెట్టెలో పెట్టి పంపింది. అడుగు కోసేసిన ప్లాస్టిక్ సీసా, మూతి దగ్గర గుడ్డ, దాని మీద ఇసుక, ఆపైన బూడిద. వెంట వచ్చిన కాగితంలో గుండ్రటి అక్షరాలతో రాసింది: ఈ బూడిద చౌడు నీళ్లలోని ఉప్పును పూర్తిగా తీసేస్తుంది. పక్క బల్ల దగ్గరి సహోద్యోగి మెడ చాచి చూసి, "ఎక్కడో కొన్న మోడల్లా ఉంది, పక్కన పడేయండి" అన్నాడు. నేను మాత్రం 'పూర్తిగా' అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఆ మాట నమ్మలేదు. అతని మాటా నమ్మలేదు. ఎవరి మాటా ఒక్కసారికే నమ్మకపోవడం నాకు నేర్పిన మనిషి గుర్తొచ్చి, సీసా అలాగే చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

నాగరత్న మేడం మాకు హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. తరతరాలుగా రాయచూరు పట్నంలోనే ఉంటున్న తెలుగు కుటుంబం వాళ్లది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో దక్కనీ ఉర్దూ మాట్లాడేవారు. కోపం వస్తే మూడూ కలిసి వచ్చేవి. పొట్టి మనిషి, నూలు చీర, చేతికి ఎప్పుడూ సుద్దముక్క పిండి. ఆవిడ నోట ఎక్కువగా వినిపించే మాట 'శక్'. అనుమానం అనరు, సందేహం అనరు, శక్ అంటారు. పాలవాడు పాలు పోస్తే బొటనవేలి గోరు మీద ఒక చుక్క వేసి, జారుతుందా నిలుస్తుందా అని చూసేవారు. ప్రయోగశాలలో రెండు థర్మామీటర్లను ఒకే గిన్నెలో ముంచి, అవి రెండు రకాలుగా చూపిస్తే పండగలా మొహం వెలిగించుకునేవారు. "సూసిన్రా? ఇద్దరల్ల ఒకడు అబద్ధమాడుతుండు. లేకుంటే ఇద్దరు గూడ!" అనేవారు. మేము చేసిన ఏ లెక్కా, ఏ ప్రయోగమూ మొదటిసారికే ఒప్పుకునేవారు కాదు. "ఒకసారి వస్తె కిస్మత్. రెండుసార్లు వస్తె కిస్సా. మూడుసార్లు వస్తెనే యకీన్." అదృష్టం, కథ, నమ్మకం అన్నమాట. పిల్లలు చాటుగా ఆవిడను 'శక్ మేడం' అనేవాళ్లు. ఆ సంగతీ ఆవిడకు తెలుసు. ఎవరు పెట్టారో కూడా కనుక్కున్నారని నా అనుమానం.

నేను ఆ బడిలో తొమ్మిదో తరగతిలో చేరాను. మాది పోతనాళ దగ్గర కాలువ కింద ఒక క్యాంపు. తుంగభద్ర నీళ్లు పారాక మా తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి పొలాలు చేసుకున్నవాళ్లు కట్టుకున్న ఊళ్లను ఇప్పటికీ క్యాంపులే అంటారు. ఇళ్లు డాబాలైనా, మనవళ్లు పుట్టినా క్యాంపే. ఇక్కడివాళ్లకు మా మీద ఒక అనుమానం, మాకు ఇక్కడివాళ్ల మీద ఒక అనుమానం. పైకి మాత్రం అందరం నవ్వుతూనే మాట్లాడుకుంటాం. నన్ను రాయచూరు హాస్టల్లో దింపి వెళ్తూ మా నాన్న చెప్పిన బుద్ధి ఒక్కటే: "ఎవరితోనూ గొడవ పెట్టుకోకమ్మా. అలాగని ఎవరేం చెప్పినా తలూపకు." నేను రెండో సగమే బాగా పట్టుకున్నాను. మేడం మొదటి రోజు నా పేరు అడిగి, నేను "శిరీషండీ" అనగానే, "ఓహో, క్యాంపు పిల్లవా? నీ పేర్లనే అండీ ఉన్నదా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆవిడ సరదాకే అన్నారేమో. నాకు మాత్రం ముల్లు దిగింది. ఈవిడకు క్యాంపువాళ్లంటే పడదని ఆ రోజే ఖాయం చేసుకున్నాను.

ఆ ఏడాది దసరా సెలవులు అయ్యాక హెడ్మాష్టారు ప్రార్థన దగ్గర ఒక సంగతి చెప్పారు. జిల్లాలో సైన్సు పోటీ జరుగుతుంది. బడికి ఒక్క ప్రాజెక్టే పంపాలి. అక్కడ నెగ్గినవాళ్లను ఎండాకాలంలో బెంగళూరు పిలిపించి, ఒక పెద్ద పరిశోధనశాలలో నెల రోజులు పని నేర్పిస్తారు. అక్కడ పిల్లలకు తలా ఒక మైక్రోస్కోపు ఇస్తారట అని ఎవరో అన్నారు. నా చెవులకు ఇక వేరే మాట ఎక్కలేదు. మా బడిలో ఉన్న ఒకే ఒక్క మైక్రోస్కోపు అద్దాల బీరువాలో దేవుడి విగ్రహంలా ఉండేది. తాళం హెడ్మాష్టారు జేబులో. దాన్ని కంటికి ఆనించుకోవాలని నాకున్న ఆశ ఇంతా అంతా కాదు. ఎలాగైనా బెంగళూరు వెళ్లాలి అనుకున్నాను. అంతగా ఇంకేదీ నేను అప్పటిదాకా కోరుకోలేదు.

ప్రాజెక్టు కోసం వెతుక్కోనక్కర్లేదు. మా చేలో పల్లపు మూల చౌడెక్కిపోయింది. ఏళ్ల తరబడి కాలువ నీళ్లు పెట్టగా పెట్టగా ఉప్పు పైకి తేలి, నేల మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. అక్కడ వరి మొలవదు, గడ్డీ మొలవదు. ఊక బూడిదలో వడగడితే ఆ చేల మురుగు నీళ్లు బాగుపడతాయా అని నా ఆలోచన. మేడం దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆవిడ కాసేపు కళ్లు చిట్లించి విన్నారు. తర్వాత చకచకా చెప్పారు. "మూడు తీర్ల నీళ్లు పెట్టు. మీ చేల మోరి నీళ్లు ఒకటి, అవే బూడిదల వడగట్టినయి ఒకటి, నల్ల నీళ్లు ఒకటి. పెసలు దీసుకో. కప్పులల్ల దూది పరిచి గింజలెయ్యి. నల్ల నీళ్ల కప్పులకు ఎన్ అని రాసి పెట్టు, గడబిడ గాకుంట." మోరి అంటే మురుగు కాలువ అని అప్పటికి నేర్చుకున్నాను. అన్నీ అర్థమయ్యాయనే తలూపాను.

ఆదివారం ఊరెళ్లి నీళ్లు పట్టుకున్నాను. మురుగు కాలువలో ఒక డబ్బా. తర్వాత చౌడు మూలలో, నల్లరేగడి మీద ఎన్నాళ్లుగానో నిలిచిపోయి కషాయంలా నల్లబడ్డ నీళ్లు ఇంకో డబ్బా. మా నాన్న గట్టు మీద నిలబడి చూస్తూ, "ఆ నల్లనీళ్లెందుకే? గేదె కూడా మూతి పెట్టదు" అన్నాడు. "మేడం తెమ్మన్నారు నాన్నా" అన్నాను. "అయితే ఏదో ఉండే ఉంటుందిలే" అన్నాడు. మేడం అడిగినదాంట్లో నాకూ న్యాయం కనిపించింది. ఒకటి చెడ్డ నీరు, ఒకటి మరీ చెడ్డ నీరు, ఒకటి వడగట్టిన నీరు. పోల్చడానికి బాగుంటుంది కదా.

పెసలు మొలిచాయి. మురుగు నీళ్ల కప్పుల్లో సగానికి పైగా మొలిచాయి. బూడిదలో వడగట్టినవీ ఇంచుమించు అంతే, ఒకటి రెండు గింజలు ఎక్కువేమో. నల్ల నీళ్ల కప్పుల్లో గింజలు ఉబ్బి, కుళ్లి ఊరుకున్నాయి. నాకు ఒళ్లంతా సంతోషం. పరుగెత్తుకెళ్లి చెప్పాను. "మేడం, నల్ల నీళ్లకన్నా బూడిద నీళ్లు చాలా బాగా పనిచేశాయండీ!" ఆవిడ చేతిలోని పుస్తకం మూశారు. "నల్ల నీళ్ల కన్ననా?" "అవునండీ." "మోరి నీళ్లు గూడ నల్ల నీళ్ల కన్న మంచిగున్నయా?" "అవి కూడా బాగానే ఉన్నాయండీ." ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూశారు. దొంగసరుకు పట్టుకున్న పోలీసు చూపు అది. "సూద్దాం" అన్నారు. అంతే, మెచ్చుకోలు లేదు, భుజం తట్టడం లేదు. ఇంత మామూలు విషయం నమ్మడానికి ఈవిడకేం వచ్చింది అని నాకు అర్థం కాలేదు.

అప్పటినుంచి నా కళ్లు నిద్రపోలేదు. మా క్లాసులోనే కవిత అని ఒక పిల్ల ఉండేది, మేడం అక్క కూతురు. ఇంటి కప్పుకు సున్నం కొడితే లోపల ఎండ వేడి ఎంత తగ్గుతుందో అని అది కూడా ఒక ప్రాజెక్టు చేసింది. మేడం స్కూటర్ మీదే బడికి వస్తుంది, ప్రయోగశాల బీరువా తాళాలు దాని చేతిలోనే ఉంటాయి. నేను లోపలికి వెళ్తే ఇద్దరూ మాటలు ఆపేసేవారు. ఒక రోజు వెళ్లి చూస్తే నా కప్పులు నేను పెట్టినట్టు లేవు. ఎన్ అని రాసిన వైపు గోడకు తిరిగి ఉంది. ఎవరో ముట్టుకున్నారు! హెడ్మాష్టారు కనిపించినప్పుడల్లా, "నీ నీళ్ల ప్రాజెక్టు బాగుందంటనే? మేడం ఇంకా రాసి ఇయ్యలేదు" అనేవారు. ఎందుకిస్తారు? సొంత అక్క కూతురుండగా క్యాంపు పిల్లను బెంగళూరు ఎవరు పంపుతారు? తమలపాకుతో నువ్వొకటంటే తలుపుచెక్కతో నేనొకటంటానన్న పౌరుషం నాకు. ఆవిడ నన్ను చూస్తే నేను ఆవిడను రెట్టింపు చూసేదాన్ని. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన అని మా అమ్మ ఫోన్లో అంటే, "ఇక్కడ లోకమే పచ్చగా ఉందమ్మా" అన్నాను.

చివరికి ఒక మధ్యాహ్నం మేడం నన్ను ప్రయోగశాలకు పిలిచారు. "అంతా మళ్ల జేయాలె. నా ముంగట జేయాలె." నాకు ఒళ్లు మండిపోయింది. "నేను అబద్ధం చెప్పాననుకుంటున్నారాండీ?" అని అడిగేశాను. "శక్ ఉంది" అన్నారు మొహమాటం లేకుండా. "కవితను కూడా మళ్లీ చేయమన్నారాండీ?" "చేపిచ్చిన. మూడుసార్లు." నేను నమ్మలేదు. నమ్మలేదని నా మొహంలో తెలిసిపోయే ఉంటుంది. ఆవిడ దానికేమీ అనకుండా కొత్త దూది తీసి కప్పుల్లో పరుస్తూ, "పో, ముందుగాల నల్ల నీళ్లు పట్కరా" అన్నారు.

"ఇప్పుడెలాగండీ? ఆదివారం ఊరెళ్తేగానీ దొరకవు కదా" అన్నాను.

ఆవిడ చేతులు ఆగిపోయాయి. "నల్ల నీళ్లకు ఊరికి పోవుడేంది?"

"మరి ఇక్కడెక్కడుంటాయండీ నల్ల నీళ్లు?"

"ఇగో, గా కిటికీల కెల్లి సూడు! గంత పెద్ద నల్ల కండ్లకు గనిపిస్తలేదా?"

కిటికీలోంచి చూశాను. నల్లటిదేమీ లేదు. వరండా చివర పిల్లలు చేతులు కడుక్కునే చోటుంది. "అక్కడ కొళాయే కదండీ ఉంది" అన్నాను.

కొళాయి అన్న మాట ఆ గదిలో పడి అలా ఉండిపోయింది. మేడం నా వైపు చూశారు, కొళాయి వైపు చూశారు, మళ్లీ నా వైపు చూశారు. రాయచూరు తెలుగులో నల్ల అంటే కొళాయి. పొద్దున్నే "నల్ల వచ్చింది" అంటే కొళాయి నీళ్లు వచ్చాయని అర్థం. మా క్యాంపులో నల్ల అంటే నలుపు, ఇంకో అర్థం లేదు. ఆ జూన్ నుంచీ ఆ పట్నంలో ఉన్నా, హాస్టల్లో కన్నడం పిల్లలు కొళాయిని 'నల్లి' అనడం విన్నానేగానీ, తెలుగులో ఈ మాట నా చెవిన పడలేదు. "గయితే నువ్వు దెచ్చిన నీళ్లు..." అన్నారు మేడం మెల్లగా. "నల్లవండీ. మా చౌడు మూలలోవి. గేదె కూడా తాగదు" అన్నాను. ఆవిడ స్టూలు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. కళ్లలోంచి నీళ్లు కారేదాకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. తర్వాత ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని చెప్పారు. "నువ్వు లేనప్పుడు నీ ఎన్ కప్పులు ముక్కు తాన వెట్టి సూసిన. మోరి కంపు. బెంగళూరు పోనీకె నల్ల నీళ్లల్ల మోరి నీళ్లు కలిపినవనుకున్న." కప్పులు తిప్పింది ఎవరో అప్పుడు తెలిసింది. "నేనేమో కవిత కోసం నన్ను ఆపుతున్నారనుకున్నానండీ" అన్నాను. ఏడుపులో మర్యాద మర్చిపోయి అన్న మాట అది. ఆవిడకు కోపం రాలేదు. "నేను నిన్ను శక్ పడిన. నువ్వు నన్ను శక్ పడినవ్. గా ఒక్క మాటను మాత్రం ఇద్దరం శక్ పడలె" అన్నారు.

అసలు కొళాయి నీళ్లతో అంతా మళ్లీ చేశాం. కొళాయి నీళ్ల కప్పుల్లో పెసలు ఒక్కటి పొల్లుపోకుండా మొలిచాయి. మురుగు నీళ్లవీ, బూడిదలో వడగట్టినవీ ఎప్పటిలాగే సమానం. మళ్లీ చేసినా అంతే, ఆ పైసారీ అంతే. అంటే నా బూడిద చేసిందేమీ లేదు. నేను ఒప్పుకోలేకపోయాను. "చూడండి మేడం, వడగట్టాక ఎంత తేటగా ఉన్నాయో!" అన్నాను. మేడం రెండు స్టీలు పళ్లాలు తెచ్చి, ఒకదాంట్లో మురుగు నీళ్లు, ఒకదాంట్లో వడగట్టిన నీళ్లు పోసి, నీరంతా ఇగిరేదాకా స్టవ్వు మీద మరిగించారు. రెండు పళ్లాల అడుగునా ఒకే తీరు తెల్లటి ఉప్పు. బూడిద బురదను ఆపింది, ఉప్పును ఆపలేదు. "మురికి నీళ్లను అందరు శక్ పడ్తరు. తేట నీళ్లనే ఇంక జర ఎక్కువ శక్ పడాలె" అన్నారు. ఆ మాట మనుషులకూ పనికొస్తుందని నాకు తర్వాత తెలిసింది.

ఇక బడి నుంచి వెళ్లేది ఏ ప్రాజెక్టు? హెడ్మాష్టారు మేడంనే తేల్చమన్నారు. ఆవిడ నన్నూ కవితనూ ఎదురుగా నిలబెట్టి, "ఇది నా అక్క బిడ్డ. గది నాతోని నెల రోజులు కొట్లాడిన పిల్ల. దీనికిస్తె అక్క బిడ్డకిచ్చిన్నంటరు. దానికిస్తె భయపడి ఇచ్చిన్నని నాకే అనిపిస్తది. నా మీద నాకే శక్ ఉంది. అందుకని నేను తేల్చ" అన్నారు. మా ఇద్దరి కాగితాల మీద పేర్లు కనబడకుండా నల్ల కాగితం అంటించి, దేవదుర్గలో ఒక బడిలో పనిచేసే సైన్సు మాష్టారికి పంపుతానన్నారు. పది రోజులకు కబురు వచ్చింది. సున్నం ప్రాజెక్టు. కవితది.

ఆ రోజు హాస్టల్లో అన్నం తినలేదు. కళ్లు మూసుకుంటే అద్దాల బీరువా. దేవదుర్గలో మాష్టారెవరు? ఎవరు చూశారు ఆయన్ని? కాగితాలు అసలు రాయచూరు దాటాయా? ఇంతకుముందైతే ఈ ప్రశ్నలన్నీ కడుపులో పెట్టుకుని నెల రోజులు కుమిలేదాన్ని. కానీ ఆవిడ క్లాసులో వందసార్లు చెప్పిన మాట ఒకటి చెవిలో మోగుతోంది: శక్ చెడ్డది గాదు పిల్లా, శక్ పడి ఊకె కూసునుడు చెడ్డది. ఆ శనివారం మధ్యాహ్నం బడి వదిలేశాక హాస్టల్లో ఊరెళ్తున్నానని చెప్పి, దేవదుర్గ బస్సెక్కాను. ఒళ్లో బ్యాగు గట్టిగా పట్టుకుని, కండక్టరు ఇచ్చిన చిల్లర కూడా రెండుసార్లు చూసుకున్నాను. దేవదుర్గ బస్టాండులో మూటలు, గిన్నెలు, చంటిపిల్లలతో కుటుంబాలకు కుటుంబాలు కూర్చుని ఉన్నాయి. చేలల్లో పనులు అయిపోయి, కట్టడం పనులకు బెంగళూరు పోతున్నారట. లోకంలో అందరూ బెంగళూరు పోతున్నారు, నేను తప్ప అనుకున్నాను. ఆ మూటల వైపు రెండోసారి చూశాక ఆ మాట నోట్లోనే చేదుగా అయింది.

మాష్టారు ఉన్నారు. బసవరాజ సార్. బడి వెనక ఇంట్లో, బనీను మీద తువ్వాలు కప్పుకుని బయటికొచ్చి, "యారవ్వా నీ?" అన్నారు. ఎవరమ్మా నువ్వు అని. నాగరత్న మేడం బడి అని చెప్పగానే లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చారు. కొంత కన్నడం, కొంత వచ్చీరాని తెలుగు. కాగితాలు వచ్చిన మాట నిజమే. "హెసరు యారదు అంత నేనూ చూసినానమ్మా, దీపం ముందర పట్టి చూసినా. కనిపించలేదు. రెండు పొరలు అంటించింది నీ మేడం" అని నవ్వారు. పేరు ఎవరిదో అని ఆయనకూ కుతూహలమే, ఆయన మీదా మేడంకు శక్కే. నీళ్ల ప్రాజెక్టు నాదని చెప్పాను. ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "అదే నాకు ఎక్కువ హిడిసింది" అన్నారు, అంటే నచ్చిందని. "కానీ తల్లీ, బూడిద పనిచేయదు అని రాసినావు. మంచిదే. ఆ మీద ఏం చేయాలో ఒక్క సాలు, ఒక్క లైను రాయలేదు. ఏడ్చి ఆపేసినట్టుంది. సున్నం పిల్ల ఆపలేదు." నిజమే. ఆ ఆఖరి పేజీ నేను ఏడుస్తూనే రాశాను.

సోమవారం పొద్దున్నే మేడం దగ్గరికి వెళ్లి, "దేవదుర్గ వెళ్లొచ్చానండీ" అన్నాను. "ఎందుకు?" "మీ మీద శక్ వచ్చింది." ఇక బడిలోంచి పంపించేస్తారనే అనుకున్నాను. ఆవిడ కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడుస్తూ కాసేపు కూర్చున్నారు. "ఒక్కదానివే పోయినవా?" "అవునండీ." "సారు ఉండెనా?" "ఉన్నారండీ. మీరు చెప్పిందంతా నిజమేనండీ." "గది నాకు తెలుసు" అన్నారు. అప్పుడు ఆవిడ మొహంలో కనిపించిన సంతోషం నేను పెసలు మొలిచాయని చెప్పినప్పుడు కనిపించలేదు. "గా నెల రోజులు నన్ను మనసుల తిట్టుకుంట కూసున్నవ్, ఏమొచ్చింది? గిప్పుడు పోయి సూసొచ్చినవ్. ఇగ నువ్వు పనికొస్తవ్. ఎండాకాలం సెలవులల్ల నా తాన ఉండు. ఆ ఉప్పు సంగతేందో సూద్దాం."

కవిత జిల్లాలో నెగ్గి బెంగళూరు వెళ్లింది. మొదటి వారమంతా తనతో గాజు సీసాలు కడిగించారని ఫోన్ చేసి గోల పెట్టింది. నేను ఆ ఎండాకాలం రాయచూరు సందుల్లో తిరిగాను. మేడం స్కూటర్ వెనక కూర్చుని, ఇంటింటి ముందూ దిగి కొళాయి నీళ్లు, బోరు నీళ్లు సీసాల్లో పట్టుకుని, మేడం వాళ్ల వంటింట్లో మరిగించి, అడుగున మిగిలిన ఉప్పును తూచాం. గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్లు, "ఎందుకమ్మా, నీళ్లకు పన్నేస్తరా ఏంది?" అని మమ్మల్నే అనుమానించేవాళ్లు. మేడంకు అది మహా ఇష్టం. "అడుగున్రి, మంచిగ అడుగున్రి" అనేవారు. ప్రతి ఇంటి దగ్గరా నాతో ముందు అడిగించే ప్రశ్నలు ఇవే: ఇవి ఏ నీళ్లు? ఎక్కడివి? మీరు దేన్ని ఏమంటారు? తలా ఒక మైక్రోస్కోపు లేదక్కడ. ఒక స్టీలు పళ్లెం, ఒక తక్కెడ, చెమట. నేను ఈ రోజు చేస్తున్న ఉద్యోగం ఆ వంటింట్లోనే మొదలైంది. ఆ మాట ఆవిడ బతికుండగానే ఆవిడకు చెప్పాను. "శక్ ఉంది" అన్నారు.

పోయిన ఏడాది ఆవిడ పోయారని కవిత ఫోన్ చేసింది. నేను నమ్మలేదు. బడికి ఫోన్ చేశాను, అక్కడి గుమాస్తా కూడా అదే చెప్పాడు. ఆ తర్వాత మేడం ఇంటికే చేశాను, ఆవిడే ఎత్తి "ఏంది పిల్లా" అంటారని. వేరే ఎవరో ఎత్తారు. వాళ్లూ అదే మాట చెప్పారు. ఒకసారి కిస్మత్, రెండుసార్లు కిస్సా. మూడోసారి ఫోన్ పెట్టేశాక ప్రయోగశాల మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నన్ను అంతగా అనుమానించినవాళ్లు మళ్లీ దొరకలేదు. అంత అక్కర ఉన్నవాళ్లూ దొరకలేదు.

చేతిలోని సీసాను బల్ల మీద పెట్టాను. మా ప్రయోగశాలకు వచ్చే పిల్లల కాగితాల మీద కూడా పేరు, బడి, ఊరు కనబడకుండా నల్ల కాగితం అంటించి ఇస్తారు. ఆ పద్ధతి నేనే పెట్టాను, రెండు పొరలు. ఈ పిల్ల పెట్టె మీద తపాలా ముద్ర ఉండబట్టి మట్మారి వైపని తెలిసింది. కాగితం అడుగున ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. అటునుంచి సన్నటి గొంతు, "హలో, నా పేరు..." అనబోయింది. "వద్దమ్మా, పేరు ఇప్పుడే చెప్పకు" అన్నాను. ఫలానా చోటినుంచి మాట్లాడుతున్నానని చెప్పి, "బూడిద ఉప్పును పూర్తిగా తీసేస్తుందని రాశావు. నాకు నమ్మకం కుదరలేదు" అన్నాను.

ఆ గొంతు గట్టిపడింది. "నేను కొనుక్కొచ్చిన అనుకుంటున్నరా మేడం? నన్ను తీసేయనీకె ఫోన్ జేసిన్రా?"

ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఒకప్పుడు అది నా గొంతే. పక్క బల్ల దగ్గరి సహోద్యోగి తలెత్తి చూస్తున్నాడు.

"తీసేయాలనుకుంటే ఫోన్ చేసేదాన్ని కాదు. శక్ ఉంది కాబట్టే రమ్మంటున్నాను" అన్నాను. "సోమవారం వచ్చి నా ముందు చేసి చూపించు. నా మీద నీకు శక్ ఉంటే మీ అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని రా. గింజలు నేనిస్తాను. నీళ్లు మాత్రం నువ్వే తెచ్చుకో, వడగట్టడానికి ఒక డబ్బా, పోల్చి చూడటానికి ఒక డబ్బా నల్ల నీళ్లు."

"నల్ల నీళ్లంటే..." అని ఆగింది ఆ పిల్ల. "ఏ నీళ్లు మేడం?"